రెండో సూది ఎప్పుడు వేయించారు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మాకు 32 మేకలు, 20 గొర్రెలు ఉన్నాయి, నేనూ మా ఆయనా కలిసి మేపుకుంటాం. దసరాకు ముందు సంతలో 5 మేకలు కొన్నాం. నెల తిరక్కుండానే వాటికి మూతి మీద, చెవులకు, కళ్ల చుట్టూ బొచ్చు రాలిపోయి చర్మం చెక్కు కట్టింది. పొద్దస్తమానం కంపకు రుద్దుకుంటున్నాయి. ఇప్పుడు పాత మేకలకూ పాకింది. తెలిసినాయన ఒకాయన చెబితే ట్రాక్టరులోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూశాం, ఒక పిల్ల చచ్చిపోయింది. తర్వాత మందుల షాపులో సూది మందు తెచ్చి బాగా ముదిరిన 9 మేకలకు మా ఆయనే వేశాడు. పదిహేను రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. మందు నకిలీదేమో అని అనుమానం. ఇప్పుడు నా చేతులకు, పొట్ట మీద ఒకటే నవ. కుక్క కూడా గోక్కుంటోంది. అమ్మవారికి మొక్కు బాకీ ఉన్నాం, అందుకే ఇదంతా అని మా అత్త అంటోంది. మంద మొత్తం అమ్మేద్దామా అని ఆలోచిస్తున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు అమ్మకం మాట పక్కన పెట్టండి. ఈ రోగానికి మంద అమ్ముకోవాల్సిన పని లేదు. ఇప్పుడున్న స్థితిలో సంతకు తోలితే సగం ధర కూడా రాదు, కొన్నవాడి ఇంట్లో మీ కథే మళ్లీ మొదలవుతుంది. మీకు ఆ 5 మేకలను అంటగట్టిన మనిషి చేసింది కూడా అదే కదా.

మందు నకిలీదని కూడా నేననుకోవడం లేదు. నకిలీదైతే ఆ పదిహేను రోజులైనా తగ్గేది కాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో ఒక్క మాట కోసం వెతికితే కనపడలేదు. రెండో సూది. మొదటిది వేశారు, తగ్గింది, ఊరుకున్నారు. మీరే కాదు, నేను పని చేసిన ఊళ్లలో పదింట ఎనిమిది ఇళ్లలో జరిగేది ఇదే, ఎందుకంటే చెక్కు రాలి కింద లేత చర్మం కనపడగానే ఎవరికైనా రోగం పోయిందనే అనిపిస్తుంది.

మీరు చెప్పిన ఆనవాళ్లు, అంటే మూతి, చెవులు, కళ్ల చుట్టూ బొచ్చు రాలడం, విపరీతమైన నవ, చర్మం చెక్కు కట్టడం, ఇవన్నీ మేక గజ్జికి సరిపోతాయి. దీన్ని తెచ్చేదాన్ని గజ్జి పురుగు అంటాం గానీ నిజానికి అది సాలీడుకు, తేలుకు, మనం చేత్తో పీకి పారేసే పిడుదుకు దగ్గరి చుట్టం, పెద్దయ్యాక ఎనిమిది కాళ్లు ఉంటాయి. పొడవు అర మిల్లీమీటరు దాటదు, మామూలు కంటికి దాదాపు ఆనదు. ఆడది చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ పోతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో అవి పొదుగుతాయి, పిల్ల పురుగులు పెరిగి మళ్లీ గుడ్లు పెట్టే దశకు రావడానికి మొత్తం మీద రెండు మూడు వారాలు పడుతుంది. ఇప్పుడు మీ పదిహేను రోజుల లెక్క చూసుకోండి. సూది పడ్డాక తిరిగే పురుగులు చచ్చాయి. గుడ్ల మీద ఆ మందు పనిచేయదు. ఒంట్లో మందు తగ్గిపోయాక మిగిలిన గుడ్ల నుంచి వచ్చినవీ, సూది పడని మేకల మీది నుంచి ఎక్కినవీ కలిసి మళ్లీ సంసారం పెట్టాయి.

రెండో సంగతి ఇంకా పెద్దది. మీరు వేసింది 9 మేకలకు. మిగతా 23 సంగతేంటి? చెక్కు కట్టిన మేకకే గజ్జి ఉందనుకోవడం పొరపాటు, పురుగు ఒంటి మీదికి ఎక్కిన తర్వాత పైకి కనపడడానికి వారాలు పడుతుంది, ఈలోగా అది రాత్రంతా రొప్పంలో పక్క మేకకు ఒళ్లు రాస్తూనే ఉంటుంది. ఈ విషయంలో మిమ్మల్ని తిట్టే హక్కు నాకూ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాయదుర్గం వైపు ఒక మందలో 60 దాకా జీవాలుంటే, మందు తక్కువగా ఉందని ముదిరిన 18కి మాత్రమే వేసి పెద్ద పని చేసినట్టు మోటారుసైకిలెక్కి వచ్చేశాను. నెల తర్వాత ఆ దారిన పోతుంటే ఆ పెద్దాయన ఆపి, ఏమీ అనకుండా, మందను నా ముందు నుంచి నడిపించాడు. 18 కాదు, 40కి పైనే ఉన్నాయి. ఆయన కోప్పడి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి చేయాల్సింది ఇది. మందలో ఉన్న ప్రతి మేకకూ, ప్రతి గొర్రెకూ, బాగున్నదానికీ బాగాలేనిదానికీ, ఒకే రోజు సూది పడాలి. పాలు పితికేవాటి సంగతి వేరు, అది కింద చెబుతాను. 10 నుంచి 14 రోజుల మధ్య మళ్లీ అన్నిటికీ ఇంకోసారి. చెక్కు మరీ దళసరిగా ఉన్నవాటికి మూడోది కూడా అవసరం కావచ్చు, అది డాక్టరు చూసి చెప్పాలి. రెండో సూది తేదీ మొదటి రోజే గోడ మీద బొగ్గుతో రాసేయండి, ఫోనులో అలారం మీద నాకంత నమ్మకం లేదు.

మీ ఆయన వేసింది ఐవర్‌మెక్టిన్ అయి ఉంటుంది, షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది అదే. జపానులో ఒక చోట మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందు అది, 1981లో పశువుల కోసం అమ్మకానికి వచ్చింది, దాన్ని వెలికితీసిన ఒమురా, క్యాంప్‌బెల్ అనే ఇద్దరికి 2015లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. మంచి మందే, కానీ కొలత తప్పితే పని చేయదు. 1 శాతం మందు అయితే 50 కిలోల బరువుకు 1 మి.లీ., అంటే 25 కిలోల మేకకు అర మి.లీ., 10 కిలోల పిల్లకు 0.2 మి.లీ. మాత్రమే. ఇక్కడ రెండు చోట్ల తప్పు జరుగుతుంది. ఒకటి, బరువు కంటితో అంచనా వేస్తారు, బలిసిన పోతును కూడా 20 కిలోలే అంటారు, మందు చాలక పురుగు బతికిపోతుంది. శెనక్కాయల మూటలు తూచే కాటా మీకో పక్కింటివాళ్లకో ఉంటుంది కదా, పిల్లల్ని గోనెసంచిలో పెట్టి దానికే తగిలించండి. రెండోది, సీసా మీద శాతం చూడరు. 3.15 శాతం ఉండే, ఎక్కువ రోజులు పనిచేసే రకం కూడా దొరుకుతుంది, దాన్ని 1 శాతం లెక్కలో వేస్తే మూడింతలు పడుతుంది. ఈ సూది కండలోకి కాదు, భుజం వెనక వదులుగా ఉండే చర్మాన్ని పైకి లాగి దాని కిందకు వేయాలి. మంద మొత్తానికీ ఒకే సూది మొన వాడకండి. అసలు ఈసారి మీ ఆయన చేత కాకుండా మీ ఊరి రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడు ఉంటే ఆయన్నే పిలవండి, లేదా 1962కి ఫోను చేయండి, ఆ నంబరుకు డబ్బు పడదు, పశువుల అంబులెన్సు మీ రొప్పం దగ్గరికే వస్తుంది. చూడి మేకలు, రెండు నెలల లోపు పిల్లలు ఎన్ని ఉన్నాయో ముందే చెప్పండి.

సూది వేసే ముందు ఒకసారి గీరి చూపించుకుంటే ఇంకా మంచిది. చెక్కు అంచున, నడిమధ్య కాదు, కొద్దిగా రక్తం చెమర్చేదాకా బ్లేడుతో గీరి ఆ పొట్టును చిన్న సీసాలో వేసి ఇస్తే సూక్ష్మదర్శినిలో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అలా ఎందుకంటున్నానంటే మూతి మీద కనిపించే ప్రతిదీ గజ్జి కాదు. ముఖ్యంగా పిల్లలకు పెదవుల మీద, మూతి చివర్లలో మొటిమల్లా లేచి పుండ్లయి పాలు తాగలేకపోతే అది వైరస్ వల్ల వచ్చే మూతిపుండ్ల రోగం కావచ్చు, దానికి నవ పెద్దగా ఉండదు, ఈ సూదితో తగ్గదు, పైగా మన చేతులకూ అంటుతుంది. ఒళ్లంతా బొబ్బలు లేచి జ్వరం ఉంటే అది వేరే, అప్పుడు ఆలస్యం చేయకండి. ఇంకో రకం ఉంది, మేక చర్మం కింద కందిగింజంత గడ్డలు తగులుతాయి, నవ ఉండదు, నొక్కితే తెల్లటి చిక్కటి పదార్థం వస్తుంది, అది వెంట్రుక కుదుళ్లలో ఉండే వేరే పురుగు పని. చూడ్డానికి బాగుండదు గానీ మందకు దానివల్ల అంత ప్రమాదం లేదు.

మీ గొర్రెల గురించి మీరేమీ రాయలేదు. బాగానే ఉన్నాయని అనుకుంటున్నాను, కానీ వీపు మీద, పక్కల మీద బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి వేలాడుతోందా, పళ్లతో పక్కలు కొరుక్కుంటున్నాయా చూడండి. గొర్రెకు వచ్చే గజ్జి పురుగు వేరు, అది సొరంగం తవ్వదు, చర్మం పైనే ఉండి కారే రసిని తాగి బతుకుతుంది, కొంచెం పెద్దది కూడా. ఆ చెక్కును నల్లగుడ్డ మీద వేసి ఎండలో కాసేపు పెడితే తెల్ల చుక్కలు కదలడం కళ్లు బాగున్నవాళ్లకు కనపడుతుంది. ఇది కంపకు చిక్కుకున్న బొచ్చులో కూడా రెండు వారాల దాకా బతకగలదు. మన వైపు రొప్పం అంటేనే సీమజాలి కంప, గొర్రె రుద్దుకున్న ప్రతి ముల్లుకూ ఇంత బొచ్చు వేలాడుతూ ఉంటుంది, సూది వేసి మళ్లీ అదే కంపలోకి తోలితే ఏం లాభం. పాత కంప తగలబెట్టి, రొప్పంలో ఎరువు పైపొర ఎత్తేసి, సున్నం చల్లి, మూడు వారాలు ఆ చోటు ఖాళీగా వదిలేయండి. మీకిది పెద్ద కష్టం కాదు, ఎలాగూ పొలాల్లో మంద ఆపడానికి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, సూది వేసిన రోజు నుంచే వాళ్ల పొలానికి తోలండి, రెండో సూది తర్వాత ఇంకో పొలానికి మార్చండి. మేక గజ్జి పురుగు మన ఎండకు ఒంటి బయట కొద్ది రోజులకు మించి నిలవదు గానీ చలికాలం, తేమ, ఇరుకు ఉంటే అదీ మొండికేస్తుంది. ఇప్పుడు మీది సరిగ్గా ఆ కాలమే.

పాత ఇంజన్ ఆయిల్ సంగతి. చెప్పినాయన మీ మంచి కోరే చెప్పి ఉంటాడు, మా చిన్నప్పుడు మా ఇంట్లోనూ పూసేవాళ్లు. కానీ అందులో సీసం లాంటి లోహాలు, కాలిన నూనె విషాలు ఉంటాయి, పుండు పడ్డ చర్మం దాన్ని లోపలికి పీల్చుకుంటుంది, తల్లి నాకుతుంది, పిల్ల నాకుతుంది. పిల్ల దానివల్లే పోయిందని ఇంత దూరం నుంచి నేను ఖాయంగా అనలేను, గజ్జితో నీరసించి పాలు తాగలేక కూడా పోయి ఉండొచ్చు. అయినా ఇక పూయకండి. కిరసనాయిలు, డీజిల్, పొలానికి కొట్టే పురుగుమందు, ఇవీ వద్దు. పత్తికి కొట్టగా మిగిలింది నీళ్లలో కలిపి గొర్రెల మీద చల్లి, సాయంత్రానికి నోట నురగలతో పడిపోయిన మందను నేను చూశాను.

ఇంట్లో చేసుకోగలిగినది కావాలంటే గంధకం ఉంది, అది నిజంగానే గజ్జి పురుగును చంపుతుంది, మనుషుల వైద్యంలో కూడా చంటిపిల్లలకు, గర్భిణులకు ఇప్పటికీ వాడతారు. ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్లతో చెక్కు నానబెట్టి మెల్లగా తీయండి, గట్టిగా పీకి రక్తం కార్చకండి, తీసిన చెక్కును అక్కడే పారేయకుండా పొయ్యిలో వేయండి. ఆరాక ఒక చెంచా గంధకం పొడికి పది చెంచాల కొబ్బరి నూనెగానీ వేప నూనెగానీ కలిపి, పుండు ఉన్న చోటే కాకుండా చుట్టూ నాలుగు వేళ్ల మేర పూయండి, కళ్లలోకి పోకుండా చూసుకోండి. రోజు విడిచి రోజు, రెండు మూడు వారాలు. ఓపిక కావాలి, 32 మేకలకు ఇదొక్కటే చేస్తామంటే జరిగే పని కాదు. కానీ ఒక సందర్భంలో ఇదే గతి. మీరు ఏ మేక పాలైనా పితికి ఇంట్లో పిల్లలకు పోస్తున్నారా? అలాంటి మేకకు ఐవర్‌మెక్టిన్ సూది వేయకూడదు, ఆ మందు పాలలోకి చాలా రోజులు దిగుతుంది. పాలిచ్చే మేకలను మందకు దూరంగా కట్టేసి గంధకంతో నడిపించండి, లేదా పాలు పూర్తిగా మానేసి సూది వేయించండి.

నీళ్లలో కలిపి ముంచే అమిట్రాజ్ లాంటి మందులు కూడా పనిచేస్తాయి, డాక్టరు రాస్తే వాడండి. మేకలు కడుపునిండా నీళ్లు తాగాకే ముంచాలి, దాహంతో ఉన్నది ఆ మందు నీళ్లే తాగేస్తుంది. చేతికి తొడుగు వేసుకోండి, మిగిలిన నీళ్లు చెరువులోకో వంకలోకో వదలకండి.

ఇక మీ నవ. చేతులు, పొట్ట అన్నారు, అంటే మేకను ఎత్తుకున్నప్పుడు, పట్టుకున్నప్పుడు ఒంటికి ఆనే చోట్లు. ఆ లెక్కన మేకల నుంచే అంటినట్టుంది. భయపడకండి, మేక మీది పురుగు మనిషి చర్మంలో కొద్ది రోజులు తవ్వి నవ పుట్టిస్తుంది గానీ మన ఒంట్లో సంసారం చేయలేదు, మంద బాగుపడితే రెండు మూడు వారాల్లో దానంతటదే పోతుంది. అయితే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, రాత్రి పూట నవ ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికి, పిల్లలకు కూడా మొదలైతే అది మనుషుల గజ్జి, దానికి మేకతో పని లేదు, చర్మం డాక్టరు దగ్గరికి పోయి ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు పూసుకోవాలి. అక్కడా ఇదే సూత్రం, ఒక్కరు పూసుకుంటే చాలదు, వారం తర్వాత ఇంకోసారి పూసుకోవాలి. పశువులకు వేసే సూది మందు మాత్రం మనుషులు తాగొద్దు, వేసుకోవద్దు. ఈ మాట చెప్పాల్సి వస్తుందని ఒకప్పుడు అనుకోలేదు గానీ కరోనా కాలంలో కొందరు ఇదే మందు వాడిన తర్వాత చెప్పాల్సి వస్తోంది.

కుక్క గోక్కుంటోందన్నారు, ఆ ఒక్క వాక్యాన్ని మీరు తేలిగ్గా రాశారు గానీ నాకు అది ముఖ్యం. కుక్క గజ్జి కూడా మనిషికి అంటుకుని ఇలాంటి నవే పుట్టిస్తుంది. చెవి అంచులు, మోచేతులు చూడండి, బొచ్చు రాలి పొలుసులు కట్టి ఉంటే, చెవి కొసను మడిచి మీ రెండు వేళ్ల మధ్య రుద్దండి, కుక్క తనకు తెలియకుండానే వెనక కాలితో గాల్లో గోకడం మొదలుపెడితే గజ్జి అని గట్టిగా అనుమానించాలి. మేకలకు తెచ్చిన సీసాలోంచి దానికీ ఒక చుక్క వేసేద్దాం అనుకోకండి, కొలత కొంచెం తప్పినా తూలి పడిపోయే కుక్కలుంటాయి, గొర్రెలను తోలడానికి వాడే కొన్ని విదేశీ జాతులకైతే మామూలు గజ్జి మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. కుక్కకు ఇప్పుడు నమిలే బిళ్లలు ఉన్నాయి, కాస్త ఖరీదు, కానీ పని తేలిక. అది బాగయ్యేదాకా మంచం మీదికి రానివ్వకండి.

కోళ్లు ఉంటే వాటికి ఈ గజ్జి రాదు. వాటివి వేరే పురుగులు, రాత్రి గూట్లో టార్చి వేసి వాసం సందుల్లో చూస్తే ఎర్రగా కదిలేవి అవే, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

మేత సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. బక్కచిక్కిన మేకకు గజ్జి త్వరగా ముదురుతుంది, ఆలస్యంగా మానుతుంది. ఈ నెలన్నర రోజులు శెనక్కాయ కట్టె ఉంటే కాస్త ఎక్కువ వేయండి, రోగం ఎక్కువున్నవాటికి గుప్పెడు శెనక్కాయ చెక్క పెట్టండి. ఇకముందు సంతలో ఏది కొన్నా మూడు నాలుగు వారాలు వేరుగా కట్టి, రెండు సూదులూ అయ్యాకే మందలో కలపండి. సంతలో బేరమాడేటప్పుడు పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు, చెవి వెనక్కి మడిచి ఎవరూ చూడరు.

మీ అత్తగారితో వాదం పెట్టుకోకండి. 1687లో ఇటలీలో బొనోమో, చెస్తోని అనే ఇద్దరు గజ్జికి కారణం ఈ పురుగేనని రాసేదాకా పెద్ద పెద్ద వైద్యులే ఒంట్లో దోషం వల్ల వస్తుందని నమ్మేవాళ్లు, ఆ ఇద్దరికీ దారి చూపింది కూడా పిల్లల పొక్కుల్లోంచి గుండుసూది మొనతో ఏదో తీసి పారేసే పేదింటి ఆడవాళ్లేనట. మొక్కు మొక్కే, దాన్ని తీర్చుకోండి. కానీ ఏ పోతును మొక్కుకున్నారో అడిగి కనుక్కోండి, ఎందుకంటే ఈ సూది పడ్డ జీవాన్ని కోసి తినడానికి సీసా మీద రాసిన గడువు దాటాలి, ఐదారు వారాలు అనుకోండి, అదీ రెండో సూది నుంచి లెక్క. జాతర అంతకన్నా ముందే ఉంటే ఆ పోతుకు సూది వేయించకుండా ఇప్పుడే మందలోంచి విడదీసి, గంధకం నూనె పూస్తూ, వేరే చోట కట్టేయండి.